సంగటి ముద్ద మీద కట్టిన పాట

మా జమ్మలమడుగు అత్తకు ముందరి పళ్లు ఊడకపోయి ఉంటే నేను ఈ జన్మలో పాట కట్టేదాన్ని కాదు.

ఆవిడ మా నాన్నకు అక్క. మా వాళ్లలో ఏ పెళ్లి జరిగినా బువ్వం బంతిలో పాడే పని ఆవిడదే. బువ్వం బంతి అంటే పెళ్లయ్యాక పిల్ల తరపు వాళ్లూ పిల్లోడి తరపు వాళ్లూ ఎదురెదురుగా కూర్చుని చేసే భోజనం. భోజనం పేరుకే. ఆడవాళ్లకు అక్కడ అసలు పని అవతలి వాళ్లను పాటలో పెట్టి ఏకిపారేయడం. వాళ్లూ పాటతోనే, అక్కడికక్కడే బదులివ్వాలి. ఇవ్వలేకపోతే ఓడిపోయినట్టు. అందరికీ తెలిసిన పాత పాట పాడితే అది లెక్కలోకే రాదు. కొత్తది కట్టుకుని రావాలి.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. మేముండేది ప్రొద్దుటూరులో. మా అక్కకు పులివెందుల సంబంధం కుదిరింది. తాంబూలాలు మార్చుకున్న రోజు వాళ్ల ఆడవాళ్లు మా గడప తొక్కీ తొక్కకముందే మొదలుపెట్టారు. మా అమ్మ కొప్పు మీద ఒక పాట, మా ఇంటి మజ్జిగ మీద ఒక పాట. మా వాళ్లంతా అత్త వైపు చూశారు. అత్త గొంతు సవరించుకుని నోరు తెరిచింది. మాట రాలేదు, ఉఫ్‌మని గాలి వచ్చింది. అంతకు ముందే కదా ముందరి పళ్లు ఊడిపోయింది! మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ గాలే. పిల్లోడి తల్లి, ఆమెను మేము పులివెందులామె అనే వాళ్లం, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నోరు లేని ఇంటి పిల్లను తీసకపోతాండాం. మంచిదేలే, ఇంట్లో రచ్చుండదు" అంది.

అక్క దొడ్లోకి పోయి ఏడ్చింది. నేను వెనకాలే పోతే నా చెయ్యి పట్టుకుంది. "బువ్వం బంతిలో గూడా ఇట్లే అయితే, నేను సచ్చేదాంక ఆ ఇంట్లో నోరు లేని ఇంటి పిల్లనేమే. నువ్వు బడికి పోయినదానివి గదా, నువ్వు కట్టు పాట" అంది. అక్క ఏడిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పటికీ అంతే. కడతానని మాటిచ్చేశాను.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పాట ఇంకా ఒక్క ముక్క పుట్టకముందే పులివెందుల వాళ్లు ఓడిపోయి తలలు దించుకున్నట్టు ఊహించుకుని తిరిగాను. తర్వాత బళ్లో నేర్చుకున్న పద్యాలన్నీ తలచుకుని, ప్రాస కుదిర్చి, 'శరచ్చంద్రవదనా, సకల గుణసదనా' అని ఒకటి తయారుచేసి, బస్సెక్కి జమ్మలమడుగు పోయి అత్త ముందర చదివాను.

అత్త అంతా విని, "ఎవరుమే ఆమె? మన పెండ్లికి వస్తాండాదా?" అంది.

"ఎవరూ కాదత్తా. చంద్రుడి లాంటి ముఖం గలదానా అని అర్థం."

"అర్థం సెప్పే పాటకు ఎవురు నవ్వుతారే తిక్కదానా? నువ్వు అర్థం సెప్పేలోపల వాళ్లు తినేసి, చెయ్యి కడుక్కోని, బస్సెక్కి పోతారు."

నాకు కోపం వచ్చింది. అంత కష్టపడి ప్రాస కుదిర్చింది నేను! అయినా ఆవిడ పట్టించుకోలేదు. తిరగలి ముందర కూర్చోబెట్టి చేటెడు రాగులు పోసింది. "తిప్పు" అంది.

"పాట నేర్పమంటే పిండి విసరమంటావేందత్తా?"

"తిప్పుమే. రాయి ఒక సుట్టు తిరిగేలోపల నీ మాట అయిపోవల్ల. రాయి తిరిగినాక గూడా మాట మిగిలిందంటే అది పొడుగు. దాన్ని ఎవురూ పాడలేరు."

అలా నేర్చుకున్నాను పాట కట్టడం. చేతులు బొబ్బలెక్కాయి. శరచ్చంద్రవదన సగం చుట్టుకే ఊపిరాడక చచ్చిపోయింది. రెండో పాఠం, ప్రతి మాట చివరా బంతి అంతా కలిసి అనే తోక ఒకటి ఉండాలి. "జనానికి పనియ్యకపోతే నిద్రపోతారు" అనేది అత్త. ఆ తోక 'విన్నారా వదినా' అని నిర్ణయించాం. మూడో పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ తిరగలి ఆపించి మరీ చెప్పింది.

"లేనిది పాడల్ల. ఆమె ముక్కు మూరెడు అను, ఆమె మొగుని మీసంలో పిచ్చుకలు గూడు పెట్టినాయను. ఎవురికీ నొప్పి కాదు. ఉన్నది పాడినావంటే అది పాట గాదు, తగువు."

ఆ పాఠం నాకు నచ్చలేదు. మూరెడు ముక్కు ఎన్ని పెళ్లిళ్లలో విన్నాం! బళ్లో సత్యమే పలకాలి అని నల్లబల్ల మీద రాస్తారు, ఇక్కడేమో ఈ ముసలావిడ అబద్ధమే పలకాలి అంటుంది. నేను చదువుకున్నదాన్ని, నా పాటలో సరుకుండాలి అనుకున్నాను. ఆ సరుకు నాకు గాజులవ్వ దగ్గర దొరికింది.

గాజులవ్వ ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా బస్సుల్లో తిరుగుతూ గాజులు తొడిగే సాయిబుల ముసలమ్మ. తొడిగించుకునే చేయి నొప్పి మరచిపోవడానికి ఊరి కబుర్లన్నీ చెప్పేది. పెళ్లి గాజులకు వచ్చినప్పుడు పులివెందులామె గురించి అడిగాను. "మనిషి బంగారమమ్మా. కానీ సంగటి మాత్రం, యా అల్లా! అన్నీ పిండి గడ్డలే. ఆయన నోరెత్తకుండా మింగుతాడు. ఎన్నేండ్లాయనో, ఆమెకు సంగటి కుదరనే లేదు" అంది.

వాయబ్బో, నా ఆనందం చూడాలి! ఆ పూట సంగటి కెలికే వంతు నాదే. ఎసట్లో పిండి పోసి, తెడ్డు పట్టుకుని పాట కడుతూ కూర్చున్నాను. పాట బ్రహ్మాండంగా వచ్చింది. కుండ అడుగు మాడి ఇల్లంతా పొగ వచ్చింది. అమ్మ చీపురు తీసుకుని వచ్చేసరికి అక్క నా చేతిలో తెడ్డు లాక్కుని "నేనేమ్మా మాడ్చింది" అంది. "రేపో మాపో అత్తగారింటికి పోయేదానివి, సంగటి కెలకడం రాదా" అని అమ్మ అక్కను సాయంత్రం దాకా తిట్టింది. నిజానికి అక్క చేతి సంగటి మా వీధిలోనే పేరు. వేలు పెడితే వెన్నలా దిగేది. నాకోసం ఆ తిట్లన్నీ గమ్మున పడింది.

ఆ చరణం నేను అత్తకు వినిపించలేదు. ఏమంటుందో తెలుసు కదా!

పెళ్లి బాగా జరిగింది. బువ్వం బంతికి ఆకులు వేశారు. పులివెందుల వాళ్లు మా నాన్న తలపాగా మీద మొదలుపెట్టి, మా ముద్దపప్పు దాకా వచ్చి, "నోరు లేని ఇంటోళ్లూ, కానీయండి మరి" అన్నారు. వెనక నుంచి అత్త నా వీపు మీద ఒక్కటి చరిచింది. అందుకున్నాను.

"పులివెందుల సంగటి ముద్ద, విన్నారా వదినా
పిడికిట్లో గుండ్రాయంట, విన్నారా వదినా
గడ్డలన్నీ ఏరిపెడితే, విన్నారా వదినా
గొడ్ల పాకకు గోడంట, విన్నారా వదినా!"

బంతి బంతంతా గొల్లుమంది. మా వాళ్లు కాదు, వాళ్ల వాళ్లు! ముందు నవ్వింది పులివెందులామె మొగుడే. పొలమారి దగ్గుతూ నవ్వాడు. ఆమె ఆడబిడ్డలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. "ఈ పిల్లకెట్ల తెలిసిందప్పా" అని ఒకాయన ఆకు మీద చెయ్యి కొట్టాడు. గెలిచాననుకున్నాను. ఒళ్లు తేలిపోయింది.

అప్పుడు పులివెందులామెను చూశాను. నోటిదాకా తీసుకుపోయిన భక్ష్యం ముక్క ఆకులో పెట్టేసింది. నవ్వడానికి చూసింది, నవ్వు రాలేదు. తల వంచుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

అత్త నా చెవి దగ్గర, పళ్లు లేకపోయినా స్పష్టంగానే అంది. "తల్లి లేని పిల్లమే ఆమె. అన్నదమ్ముల నడుమ పెరిగింది. ఎవురు నేర్పినారు ఆమెకు సంగటి?"

నాకేం తెలుసు? గాజులవ్వ అది చెప్పలేదు. నేనూ అడగలేదు. బదులు పాడాల్సిన పులివెందుల వాళ్లేమో నవ్వుతూనే ఉన్నారు. ఒక్కరూ ఆమె తరపున నోరు తెరవలేదు. ఇక వాళ్లు ఓడినట్టే అని మా వాళ్లు లేవబోతుండగా, ఎక్కడి నుంచో సన్నటి గొంతు వినిపించింది.

"గడ్డలైన సంగటైనా, విన్నారా వదినా
కడుపులోకి పోతుందంట, విన్నారా వదినా"

ఎవరా అని అందరం చూశాం. పెళ్లికూతురు! బాసికం కట్టుకుని, తల వంచుకుని, మొగుడి పక్కన ఒదిగి కూర్చోవాల్సిన మా అక్క! పెళ్లికూతురు బువ్వం బంతిలో నోరు తెరవడం మా తాతల నాటి నుంచి ఎవరూ విని ఉండరు. తల వంచుకునే పాడింది. కానీ ఆపలేదు.

"ప్రొద్దుటూరు సంగటి ముద్ద, విన్నారా వదినా
బొగ్గులోనే కలిసిందంట, విన్నారా వదినా
కుండ మాడ్చిందీ చెల్లెలు, విన్నారా వదినా
తిట్లు తిన్నదీ అక్కమ్మ, విన్నారా వదినా!"

పప్పు గిన్నె పట్టుకుని అమ్మ అట్లాగే నిలబడిపోయింది. గిన్నె చూసింది, నన్ను చూసింది. బంతి మళ్లీ గొల్లుమంది, ఈసారి నా మీద. పులివెందులామె తలెత్తింది. ముందు అక్కను చూసింది, తర్వాత బిక్కచచ్చిన నా ముఖం చూసింది. నవ్వు ఆపుకోలేక, ఏడుపూ ఆపుకోలేక, కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "నోరు లేని ఇంటి పిల్ల అంటిమి గదే! ఇదేందిమే నోరు!" అంది. ఆకులో పెట్టిన భక్ష్యం తీసి అక్క నోట్లో పెట్టింది.

అలా మేం ఓడిపోయాం. నా పాటను ఓడించింది పులివెందుల వాళ్లు కాదు, నేనెవరి కోసం చేతులు బొబ్బలెక్కించుకున్నానో ఆ మహాతల్లే! ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా? ఉక్రోషంతో అక్క బస్సెక్కేటప్పుడు కూడా నేను సరిగ్గా మాట్లాడలేదు. అక్క కిటికీలోంచి చెయ్యి చాపి నా జడ లాగింది. బస్సు కదిలాక ఏడ్చాను.

కొన్ని నెలలకు నాన్న నన్ను తీసుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల పోయాడు. ఇంట్లో వంట అత్తాకోడళ్లది. ఒక పూట ఆమె, ఒక పూట అక్క. మేము పోయిన పూట అక్క వంతు. పులివెందులామె నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది. "రామే, పాటలమ్మా" అంటూ సంగటి ముద్ద ఆకులో వేసింది. అక్క చేతి ముద్ద తిని ఎన్నాళ్లయిందో! నోరూరుతూ వేలు పెట్టాను. గడ్డ తగిలింది. ఇంకోచోట పెట్టాను. అక్కడా గడ్డే.

తిన్నాక వంటింట్లోకి పోయి అక్కను నిలదీశాను. "ఏందక్కా ఇది? మన వీధిలో నీ సంగటికి పేరు గదా. చెయ్యి మరిచిపోయినావా?"

"గట్టిగా అరచగాకుమే" అంది అక్క. వాకిట్లోకి ఒకసారి తొంగి చూసింది. "ఒక పూట గడ్డలు, ఒక పూట నున్నగా ఉంటే, ఈ ఇంట్లో రోజూ నీ పాట పాడినట్లే గదా?"

పొద్దున్నే లేచి, తెడ్డు పట్టి, బాగా వచ్చిన పనిని కావాలని చెడగొట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. పాటలు చాలా కట్టాను తర్వాత, ఎన్నో బువ్వం బంతుల్లో పాడాను. ముక్కులు మూరెడు చేశాను, మీసాల్లో పిచ్చుకలను పెట్టాను. అక్క సంగటి మీద మాత్రం ఒక్క మాట కట్టలేదు.

ఆ రాత్రి వంతు పులివెందులామెది. "ఇంగో ముద్ద పెట్టేదా పాపా?" అని అడిగింది. అక్క నా వైపే చూస్తోంది.

"పెట్టత్తా" అన్నాను. పెట్టింది. తిన్నాను.