బీరమ్మ మార్చని ఏడుగురు

పెద్దేముల్ బీరమ్మ కబడ్డీ ఆడే రోజుల్లో ఓటములు చాలానే చూసింది. వరుసగా అయిదు చూసింది మాత్రం కోచ్ అయ్యాకే. వికారాబాద్‌లో జరిగే మహిళల లీగ్‌లో తాండూరు జట్టు ఆమెది. అంటే, ఆడించేది ఆమె, జీతాలిచ్చేది కందుల వ్యాపారి పాండురంగం సేటు.

సేటు చెడ్డవాడేమీ కాదు. ఓడిన ప్రతిసారీ ఇద్దరిని తీసేసి, మరో ఇద్దరిని తెచ్చేవాడు, అంతే.

"కంది పుచ్చితే బస్తా మార్చమా?" అన్నాడు ఆరో మ్యాచ్‌కు ముందు.

"కందులకు పక్కదానితోని పనిలేదు సేటూ. గొర్రెల సంగతి ఇనుండ్రి. కొత్తది తెస్తే మందల కలిసేదాక ఎడంగనే నిలబడ్తది. మనోళ్లు ఏడుగురు గట్లనే నిలబడ్డరు."

బీరమ్మది గొర్రెలు కాచే ఇల్లు. "సరే, ఈసారి ఎవ్వరిని మార్చ. ఓడితే మాత్రం నిన్నే మారుస్త," అన్నాడు సేటు.

ఆ వారమంతా బీరమ్మ కూతలు పక్కనపెట్టి, పిల్లలను జంటలుగా చేతులు పట్టించి కోర్టులో అటూ ఇటూ నడిపించింది. జంటలో ఒకరు చెయ్యి నొక్కితేనే ఇద్దరూ దూకాలి.

"గిదేం కబడ్డి అక్కా, పెండ్లి బరాత్ లెక్కుంది," అంది మల్లీశ్వరికి జంటగా మూలన ఆడే రుచిత.

"నవ్వు గని, మల్లీశ్వరి చెయ్యి ఇడువకు."

మ్యాచ్ మొదలైన కాసేపటికే రుచిత ఆ చెయ్యి విడిచి ఒంటరిగా దూకి పాయింటు పోగొట్టింది. మార్చమని గ్యాలరీలోంచి సేటు చెయ్యి గిరగిరా తిప్పాడు. రుచిత అప్పుడే బెంచీ వైపు బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. బీరమ్మ వంగి, బాగానే ఉన్న బూటు లేసు విప్పి, తీరిగ్గా మళ్లీ కట్టుకుంది.

చివరి నిమిషం. తాండూరు ఒక పాయింటు వెనక ఉంది. అవతలి పిల్ల కూతకొచ్చింది. రుచిత కాలు ముందుకు వేయబోయి ఆగింది. మల్లీశ్వరి చెయ్యి నొక్కింది. ఇద్దరూ ఒక్కసారే దూకారు, మిగతావాళ్లు మీద పడ్డారు. స్కోరు సమమైంది. విజిల్ మోగింది.

సేటు నుదురు రుద్దుకుంటూ కిందికొచ్చాడు. "ఓడితే పొమ్మన్న. ఓడలే. గెలువను గూడ గెలువలే. ఇప్పుడేం జెయ్యాలె బీరమ్మా?"

"పిల్లలు అలిసిన్రు. చాయ్ చెప్పుండ్రి సేటూ."

"రేపు కొత్తోళ్లు ఇద్దరొస్తమన్నరే?"

"రానియ్యుండ్రి. బెంచి మీద కూసొని చేతులు పట్టుడు నేర్సుకుంటరు."

సేటు చాయ్ చెప్పాడు.

తర్వాతి మ్యాచ్‌కు ఆ ఏడుగురే దిగారు, గెలిచారు. టీమును కదిలించొద్దన్నది తానేనని సేటు ఇప్పుడు తాండూరు మార్కెట్ అంతా చెప్పుకుంటున్నాడు. బీరమ్మ మాత్రం బెంచీ మీది కొత్తవాళ్లకు చేతులు పట్టడం నేర్పుతోంది.