ఆగకూడని గిర్ని

1962లో నేను కరీంనగర్‌లో ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా ఉన్నాను. చొప్పదండి అవతల ఒక గ్రామంలో రాజయ్య, మల్లేశం అనే అన్నదమ్ములు వడ్ల గిర్ని పెట్టుకుంటూ, కరెంటు పని మాకు అప్పగించారు.

వడ్లు దంచే హల్లర్‌కు ఇరవై హార్స్ పవర్ మోటారు, పిండిమరకు పది. మోటారు సామర్థ్యాన్నీ పవర్ ఫ్యాక్టరునూ లెక్కలోకి తీసుకుంటే ఆ ముప్పైకి సుమారు ముప్పై మూడు కె.వి.ఎ. అవసరం. మార్కెట్‌లో దొరికే సైజుల్లో అందుకు సరిపోయేది యాభై కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు. అది రావడం ఆలస్యమైంది. కోతలు మొదలయ్యాయని అన్నదమ్ములు తొందరపడటంతో, తాత్కాలికంగా ఇరవై ఐదు కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు అమర్చాము. అది ముప్పై ఆరు ఆంపియర్లకు మించి మోయలేదు. కనుక ఆయిల్ బ్రేకరును, అంటే కరెంటు హద్దు దాటగానే నూనెతొట్టిలో తనంతట తాను తెగిపోయే పెద్ద స్విచ్చిని, ముప్పై ఐదుకు సెట్ చేశాను. రెండు యంత్రాలూ ఒకేసారి నడపవద్దని ఇద్దరికీ చెప్పాను.

తమ్ముడు మల్లేశం మాటకారి. బ్రేకరును చూపించి, ఇది ఆగడం మంచిదా, ఆగకపోవడం మంచిదా అని అడిగాడు. అవసరమైనప్పుడు ఆగడమే దీని పని అన్నాను.

"ఆగుడే పనా? గసొంటి నౌకరి నాగ్గూడ ఇప్పియ్యి సారూ" అన్నాడు. అన్న కూడా నవ్వాడు.

ప్రారంభం నాడు నేను మరో పని మీద మంచిర్యాలలో ఉన్నాను. జరిగింది తరువాత రాజయ్య చెప్పగా తెలిసింది. కొత్త యంత్రం మొదటినాడు నడుమ ఆగితే ఆ ఇంటికి కలిసిరాదని అక్కడివాళ్ళ నమ్మకం. కొబ్బరికాయ కొట్టాక, వచ్చిన ప్రతి ఇంటివాళ్ళ ధాన్యమూ ఆడి పంపేదాకా గిర్ని ఆగకూడదు. వడ్లతో కొందరు, జొన్నలతో కొందరు వచ్చారు. ఎవరినీ నిలబెట్టలేక రెండు యంత్రాలూ నడిపారు. బ్రేకరు తెగింది. మళ్ళీ వేశారు, మళ్ళీ తెగింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మల్లేశం సుతిలి తాడు తెచ్చి, బ్రేకరును తెంచే ట్రిప్ కడ్డీని కదలకుండా కట్టేశాడు.

చాలాసేపు అంతా బాగానే నడిచింది. ఆ తరువాత హల్లర్‌లో వడ్లు ఇరుక్కుని మోటారు బిగుసుకుపోయింది. తిరగలేని మోటారు మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. అప్పుడు తెగవలసిన బ్రేకరు తెగలేదు. లోపల నూనె కాగిపోయింది. మోటారు మూలుగు విని మల్లేశం పరుగెత్తి, తాడు విప్పి, పిడిని చేత్తో లాగాడు. అంత కరెంటు ఒక్కసారి తెగేసరికి లోపల నిప్పు లేచి తొట్టి పగిలి, మండుతున్న నూనె అతని మీద పడింది.

కరీంనగర్ ఆసుపత్రిలో చూడబోయినప్పుడు నన్ను గుర్తుపట్టాడు.

"నలుగురు నవ్వుతరని కట్టిన సారూ. అన్న పరేషాన్ అయితుండె."

మాట్లాడవద్దన్నాను. గిర్ని మళ్ళీ నడుస్తుందా అని అడిగాడు. నడుస్తుందన్నాను. అతను బతకలేదు.

యాభై కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు తరువాత వచ్చింది. దాన్ని స్తంభాల మీదికి ఎక్కిస్తుంటే రాజయ్య కింద నిలబడి చూశాడు.

"గిది ముందుగాల్నే వస్తే మా తమ్ముడు ఉండునా సారూ?"

లెక్క ప్రకారం, దీని మీద రెండు యంత్రాలూ నడిచేవి. తాడు కట్టవలసిన అవసరం కలిగేది కాదు. అబద్ధం చెప్పలేకపోయాను. ఉండేవాడన్నాను. ఆయన తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మరుసటి ఏడు పక్క ఊరిలో మరో గిర్ని పెట్టాము. అక్కడి యజమానికి ఆంపియర్ల సంగతి వివరించలేదు. కొబ్బరికాయ కొట్టకముందే, అందరి ఎదుట యంత్రాన్ని నడిపి ఒకసారి ఆపమన్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నాడు. మంచినాడు ఆపుడేందని పెద్దలు గొణిగారు. ఎవరూ కదలలేదు.

పిలుపు మీద వచ్చిన రాజయ్య వెనక వరుసలో నుంచి లేచి వచ్చాడు. బ్రేకరు ముందు నిలబడి, పిడి పట్టుకుని కిందికి లాగాడు. బెల్టు నెమ్మదించి ఆగిపోయింది.

"ఆగింది. ఏం కాలే" అన్నాడు జనంతో. చెయ్యి మాత్రం పిడి మీదనుంచి తీయలేదు.

సరైన సైజు లెక్కకట్టడంతో నా పని పూర్తి కాదని అక్కడ నేర్చుకున్నాను. యంత్రం ఆగినప్పుడు మనిషికి సిగ్గు కలగకుండా చూడటం కూడా ఆ పనిలో భాగమే. ఆ తరువాత నేను పెట్టిన ప్రతి గిర్నినీ ముందు ఆపించాకే కొబ్బరికాయ కొట్టనిచ్చాను.