పిన్ని కొట్లో మంచు వెదురువనం

ఒక్క కుంచెతో మా పిన్ని కొట్టు గోడ పగలగొట్టించిన ఘనుణ్ణి నేను. నవ్వండి, నాకు అలవాటే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బుర్రలో ఉండాల్సిన సరుకంతా పొగరుగా మారి నెత్తికెక్కిన వయసు. యాంగోన్‌లో, మా పజుండౌంగ్ వీధిలోనే పిన్ని దోసెల కొట్టు పెడుతోంది. మర్నాడే ప్రారంభం. గోడ బోసిగా ఉందని ఆవిడ దిగులు. నేనేమో ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, చైనా వాళ్ల సిరా బొమ్మల విద్య మొత్తం మింగేశాననుకున్నాను.

"పిన్నీ, మంచులో వెదురువనం వేస్తాను. నల్లసిరా, నీళ్లు చాలు."

"దోసెల కొట్లో ఎదురేటిరా? నాలుగు పువ్వులెయ్యి."

"పువ్వులు ఎవడైనా వేస్తాడు. ఇది ధ్యానం, పిన్నీ!"

వీడియోల్లో వాళ్లు కాగితం మీద వేశారు. నేను తడారని సున్నం గోడ మీద వేశాను. ఆ తేడా గాడిదకైనా తెలుస్తుంది. కణుపులు పెట్టి వెదుళ్లు నిలబెట్టాను. మంచు కోసం నీళ్లు చల్లాను. సిరా బురదలో గేదెలా హాయిగా పరుచుకుంది. సాయంత్రానికి గోడంతా బూజు మరకలు, మధ్యలో తుప్పు గొట్టాల్లాంటి వెదుళ్లు.

"ఏటిరా ఇది?"

"మంచు."

"ఇంత నల్లగుంటాదా?"

"దూరం నుంచి చూడాలి."

పాపం, పిన్ని రోడ్డు దాటి వెళ్లి మరీ చూసింది. తిరిగొచ్చి, గోడకో దణ్ణం పెట్టి లోపలికి పోయింది. నేను దాన్ని మెప్పనుకున్నాను!

మర్నాడు పొద్దున పిన్ని వెనక వంటింట్లో పిండి కలుపుతోంది. కొట్టు నిండా జనం. ఇంటి ఓనరు ఊ మౌంగ్ వీధిలోంచి గోడ మీది మరకలు చూసి, పైపుల మేస్త్రిని వెంటబెట్టుకుని దిగాడు.

"లోపల పైపులు కారుతున్నాయి. అదిగో, గొట్టాల ఆనవాళ్లు కూడా కనబడుతున్నాయి!" అన్నాడు బర్మా భాషలో.

"అవి వెదుళ్లు" అంటే గోడ బతికేది. కానీ అంతమందిలో అది నా బొమ్మేనని ఒప్పుకోవడం నామోషీ అనిపించింది. గోడను చూస్తూ పెద్దమనిషిలా తలూపాను కూడా. సుత్తి పడింది. మూడో దెబ్బకు నా అందాల వెదురు రాలింది. నాలుగో దెబ్బకు లోపలున్న అసలు పైపు పగిలింది. నీళ్లు ఎగిరొచ్చి పెనం మీద పడ్డాయి.

పిన్ని పరుగున వచ్చింది. "అది బొమ్మని సెప్పలేదేటిరా? నోట్లో నాలిక లేదేటి?"

నేను నోరు తెరిచేలోపే ఊ మౌంగ్, నెత్తి నుంచి నీళ్లు కారుతుండగా, గర్వంగా అన్నాడు: "చూశారా! కారుతోందని నేను ముందే చెప్పాను!"

అందుచేత పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో కుంచె పట్టను. పట్టినా గోడ జోలికి పోను. పోయినా, ఇవి వెదుళ్లని పక్కనే పెద్ద అక్షరాలతో రాస్తాను.