ఉతికిన పేరు

దొరొహోయ్ ఊళ్లో యూదులు ఇరవై ముగ్గురే మిగిలారని ఎవరైనా అంటే గిజెలాకు ఒళ్లు మండేది. "ఇరవై నలుగురం! మంచంలో ఉన్నంత మాత్రాన ఫానీని లెక్కలోంచి తీసేస్తారా? ఇంకా ముక్కుతోందిగా, మూలుగుతోందిగా!" అని విరుచుకుపడేది.

గిజెలా హెర్ష్‌కొవిచ్‌కు అరవై ఐదేళ్లు. ముప్ఫై ఏళ్లు బట్టల ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుట్టింది. ఆ పని పోయాక ప్రార్థన మందిరం పక్కనున్న భోజనశాల ఆమె చేతికి వచ్చింది. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా పద్ధెనిమిది కంచాలు బల్ల మీద ఉండాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు పులుసుతో పాటు చీవాట్లూ పడేవి. వీటన్నిటికీ తోడు, తల్లి దగ్గర్నుంచి వచ్చిన పని మరొకటి ఉంది. ఊళ్లో యూదులు ఎవరు పోయినా వాళ్లకు తొడిగే తెల్లనార బట్టలు కుట్టేది ఆమే. ఒకప్పుడు ఆ పనికి ఎనిమిదిమంది ఆడవాళ్లు కూర్చునేవారు. ఇప్పుడు గిజెలా ఒక్కతే మిగిలింది.

ఈ భోజనశాలకు ఏడాదికో రెండేళ్లకో ఎవరో ఒక కుర్ర కళాకారుడు ఊడిపడేవాడు. ఒకడు ఫొటోలు తీశాడు. ఒకతె ముసలాళ్ల చేత పాత పాటలు పాడించుకుంది. ఇంకొకడు తోలుబొమ్మలు చేస్తానని వచ్చి మూడు నెలలు సంకటి తిని, బొమ్మ సంగతి దేవుడెరుగు, బూట్లు కూడా వదిలేసి పోయాడు. గిజెలా వాళ్లందరికీ పక్క పరిచింది, ఇళ్లిళ్లూ తిప్పి ముసలాళ్ల నోళ్లు విప్పించింది. వెళ్లాక ఒక్కడూ ఉత్తరం ముక్క రాసిన పాపాన పోలేదు. "నీకెందుకమ్మా ఈ తద్దినం?" అని ప్రార్థన చదివే బెర్కు విసుక్కునేవాడు. "ఈ పిల్లలు ఏదో ఒకటి చేస్తేనే మనమంటూ ఉన్నామని ఎవడికైనా తెలుస్తుంది. లేకపోతే నీకూ నాకూ మిగిలేది శ్మశానం తాళంచెవే" అనేది గిజెలా.

అలా వచ్చినవాళ్లలో ఆఖరిది ఇలీంకా షరాగా. యాష్ నగరం పిల్ల, ఇరవై నాలుగేళ్లు, ఈనెపుల్లలా ఉండేది. తాతది ఈ ఊరే. రాజధాని బుకారెస్ట్‌లోని ఒక సంస్థ ఆమెకు ఏడాదిపాటు తిండీ బసా ఇస్తోంది. షరతు ఒక్కటే: చేసేదేదైనా ఊరివాళ్ల చేతులతో కలిసి చెయ్యాలి. ఇలీంకా ఆలోచన కూడా సులువైనదే. సమాధిరాయి లేని తమవాళ్ల పేరు ఒక్కొక్కరూ ఒక నారగుడ్డ మీద కుట్టాలి. అన్నీ కలిపి ఒక పెద్ద దుప్పటి చెయ్యాలి.

సమాధిరాయి లేనివాళ్లకు దొరొహోయ్‌లో ఏం తక్కువ? యుద్ధం రోజుల్లో, పంతొమ్మిది వందల నలభై ఒకటి నవంబరులో, సైన్యం వాళ్లు యూదుల్ని పశువుల రైలెక్కించి నీస్తర్ నది అవతలికి తోలారు. సగంమంది అక్కడి మంచులోనే పోయారు. గిజెలా పుట్టింది తిరిగొచ్చిన వాళ్ల ఇంట్లో. అన్నం తింటూ తింటూ ఏడ్చే ఇల్లది. అందుకే ఈ పిల్ల మాట విన్నరోజే శవాలబట్టల అలమారా తెరిచి, తాను ఎవరినీ ముట్టుకోనివ్వని నారతాను తీసి కత్తెర పెట్టింది.

మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాడు ష్మిల్ ఫైన్‌గోల్డ్ ఒక్కడే. డెబ్బై ఎనిమిదేళ్ల రేకుల పనివాడు, ఒంటికాయ సొంఠికొమ్ము. గిజెలా జామ్ సీసా పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది.

"ఏమయ్యా ష్మిల్, తలుపు తీస్తావా, ఈ గుమ్మంలోనే గోరీ కట్టించుకోనా?"

"నువ్వు వచ్చావంటే ఏదో ఒకటి ఊడబెరుక్కుపోవడానికేగా. సీసా అక్కడ పెట్టి నడువు."

ఆమె నడవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. చివరికి అతనే అన్నాడు.

"చూడు గిజెలా. నది అవతల, మొగిలేవ్‌లో, మా చెల్లెలు నా ఒళ్లోనే పోయింది. నాలుగేళ్లు దానికి. పొద్దున్నే బండివాడు వచ్చి కట్టెల్లో కట్టెలా వేసుకుపోయాడు. తిరిగొచ్చాక మా అమ్మా నేనూ దాని పేరెత్తితే ఒట్టు. డెబ్బై ఏళ్లు నోట్లోంచి రానిది ఇప్పుడు గోడకు తగిలించమంటావా?"

"గోడ మీదైనా ఉంటుంది కదయ్యా. ఇప్పుడెక్కడుంది? నీ బుర్రలో. రేపు నువ్వు పోతే?"

"నోటికి హద్దూ అదుపూ లేదే నీకు!"

"లేదు. చెప్పు, రేపు నువ్వు పోతే?"

ష్మిల్ కిటికీ వైపు తిరిగిపోయాడు. అటే చూస్తూ, "నేనే కుట్టి తెస్తాను. ఆ యాష్ పిల్ల దాన్ని ఫొటో తియ్యకూడదు. ఏమని కుట్టావని నన్నెవరూ అడగకూడదు. నీ మాట మీద ఇస్తున్నాను, ఆ పిల్ల మాట మీద కాదు" అన్నాడు.

రెండు వారాలకు గుడ్డ తెచ్చాడు. నీలం దారంతో, అలవాటు లేని చేత్తో వేసిన పెద్ద పెద్ద కుట్లు, యూదుల పాత భాష యిద్దిష్‌లో అక్షరాలు. గిజెలా చదివిన రోజుల్లో ఆ అక్షరాలు నేర్పే బడి లేదు. ఇలీంకాకూ రావు. ఊళ్లో చదవగలిగినవాడు బెర్కు ఒక్కడే, అతనికి కంట్లో శుక్లాలు. పైగా అడగనని మాటిచ్చింది కదా! గుడ్డని మిగతా వాటితో కలిపి దుప్పటిగా కుట్టేసింది.

దుప్పటి పూర్తయిన శుక్రవారం అందరికీ చూపించాలని భోజనశాల బల్ల మీద పరిచారు. బెర్కు తడుముకుంటూ వచ్చి బీట్‌రూట్ పులుసు గిన్నె దాని మీద బోర్లించాడు.

"నీ కళ్లు కాకులు పొడవ!" అని అరిచి, గిజెలా దుప్పటి ఎత్తుకుపోయి గోరువెచ్చటి నీళ్లలో ముంచింది. సబ్బు పెట్టి పిసికింది, పిండింది. మరక వదిలింది. బేసిన్ నీళ్లలో మాత్రం నీలం దారాలు, ఎర్ర దారాలు తేలుతున్నాయి. రంగు దిగిందేమో అనుకుంది ముందు. దుప్పటి విప్పి చూసుకుంటే పేర్ల కుట్లు ఊడిపోయి ఉన్నాయి.

దారానికి ముడి వేసి మొదలుపెట్టాలా అని ఆడవాళ్లు అడిగినప్పుడు "ముడి వెయ్యకూడదు" అని చెప్పింది తనే. ష్మిల్‌కు గుడ్డ ఇచ్చినప్పుడూ అదే చెప్పింది. యూదుల్లో చనిపోయినవాళ్ల బట్టలకు ముడి వెయ్యరు. నలభై ఏళ్లుగా తెల్లనార మీద ఆమె చేతికి తెలిసిన పద్ధతి అదొక్కటే. ఇది గోడకు తగిలించే గుడ్డ అన్న సంగతి బుర్రకు తట్టనే లేదు. ఆడవాళ్లు దగ్గర దగ్గరగా బిగించి కుట్టిన పేర్లు సగం సగం నిలిచాయి. ష్మిల్ వేసిన పెద్ద కుట్లు మాత్రం ఒక్కటీ మిగలలేదు.

ఇంకా పెద్ద తప్పు తర్వాత చేసింది. కంగారులో ఎవరూ చూడకముందే సరిచేద్దామని ఇస్త్రీపెట్టె తీసి, నీళ్లు చల్లి, దుప్పటి అంతా నున్నగా ఇస్త్రీ చేసింది. ఇలీంకా వచ్చి చూసి తల పట్టుకుంది.

"అయ్యో మామ్మా! ఇస్త్రీ చెయ్యకుండా ఉంటే సూది రంధ్రాలు కనిపించేవి. వాటిని పట్టుకుని కాగితం మీద గీసి ఎవరిచేతనైనా చదివించేవాళ్లం కదా!"

"తిట్టవే. గట్టిగా తిట్టు."

"తిట్టి ఏం లాభం? వెళ్లి ఆయనకు చెబుదాం పద."

గిజెలా సాకులు వెతికింది. మర్నాడు శనివారం, విశ్రాంతి దినం కదా అంది. ఆదివారం మోకాలు నొప్పి అంది. సోమవారం కొత్త గుడ్డా, నీలం దారమూ పట్టుకుని వెళ్లేసరికి ఇంటికి తాళం ఉంది. నిన్న సాయంత్రం పక్షవాతం వచ్చి పడిపోయాడనీ, ఆస్పత్రికి తీసుకెళ్లారనీ పక్కింటామె చెప్పింది.

ష్మిల్‌కు కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. కళ్లు మాత్రం ఆమెను గుర్తుపట్టాయి. గిజెలా మంచం పక్కన కూర్చుని అతని ఎడమ చెయ్యి పట్టుకుంది.

"ష్మిల్, నేను పేర్లు చెబుతా. అదే అయితే నా చెయ్యి నొక్కు. హయా? సూరా? పెర్లా? రైజెల్? ఫ్రైదా?"

అయిదో పేరు దగ్గర అతని కళ్లు ఆమె ముఖం మీద ఆగాయి. అప్పుడు తట్టింది గిజెలాకు. తను అడుగుతోందంటేనే పేరు పోయిందని ఇతనికి తెలిసిపోతుంది కదా! నాలుక కరుచుకుంది, కానీ లాభమేముంది? అతనికి అప్పటికే అర్థమైపోయింది. కంటి కొసనుంచి నీళ్లు చెవిలోకి కారాయి.

అయినా ఆపలేదామె. ఆపితే అంతా పోతుంది. మూడు రోజులు వెళ్లి తల్లి నోట విన్న పేర్లన్నీ, ఫ్యాక్టరీలో తెలిసిన పేర్లన్నీ చెప్పింది. ఒకసారి "మిందెల్" అన్నప్పుడు చెయ్యి గట్టిగా నొక్కినట్టే అనిపించింది. ప్రాణం లేచొచ్చి మళ్లీ అడిగింది. కదల్లేదు. నర్సు దిండు సర్దినప్పుడు కూడా ఆ చెయ్యి అలాగే బిగుసుకుంది. గురువారం ష్మిల్ పోయాడు.

అతని బట్టలు గిజెలాయే కుట్టింది. ఇలీంకా పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది. ఇద్దరూ ఏడుస్తూనే కుట్టారు.

"మామ్మా, ఖాళీలో 'ష్మిల్ చెల్లెలు' అని కుడదామా?"

"వద్దు. దానికి పేరుంది."

"పోనీ మిందెల్ అని?"

"నాకు తెలిస్తే కుట్టనా తల్లీ? తెలియకుండా ఇంకో పిల్ల పేరు దీని మీద ఎలా రుద్దను?"

మిగతావాళ్లు తమ తమ పేర్లు మళ్లీ కుట్టారు, ఈసారి ముడులు వేసి. మే నెలలో ఊరి సాంస్కృతిక భవనంలో దుప్పటి వేలాడదీశారు. పదిహేడు పేర్లు, మధ్యలో ఒక తెల్లటి చదరం. బుకారెస్ట్ సంస్థ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. దుప్పటి ముందు చాలాసేపు నిలబడి మైకు అందుకున్నాడు.

"అన్నిటికంటే నన్ను కదిలించింది ఈ ఖాళీ. పేరు పెట్టకుండా వదిలెయ్యడమన్న ఈ ఆలోచన ఎంత గొప్పది! దీన్ని రాజధానికి తీసుకెళ్తాం. ఇలీంకాకు ఇంకో ఏడాది మా అండ ఉంటుంది."

హాలంతా చప్పట్లు. ఇలీంకా ముఖం పాలిపోయింది. మైకు దగ్గరకు వెళ్లి "అది... నిజానికి అది..." అని ఆగిపోయింది. ఏడాదిపాటు ఆ పిల్ల ఎదురుచూసిన మాట అది. గిజెలా కూడా ఇన్నేళ్లుగా ఈ కుర్ర కళాకారులకు పక్క పరిచింది ఆ మాట కోసమే. చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. గిజెలా ముందు వరుసలోంచి లేచింది.

"అది ఆలోచన కాదు బాబూ. అక్కడ పేరుండేది. నేను ఉతికేశాను."

పెద్దమనిషి చిరునవ్వు నవ్వాడు, ముసలామె ఏదో చమత్కారం ఆడిందనుకుని.

"నవ్వకండి. ఈ పిల్లది తప్పేం లేదు, మీరివ్వదలచుకున్నది ఇవ్వండి. కానీ ఆ ఖాళీకి చప్పట్లు కొట్టకండి. నాలుగేళ్ల పసిదది. మొగిలేవ్‌లో ఒకసారి పోయింది, నా బేసిన్‌లో ఇంకోసారి పోయింది." ఆమె వెనక్కి తిరిగి హాలు వైపు చూసింది. బెర్కు, ఊరివాళ్లు, బుకారెస్ట్ వాళ్లు, అందరూ నోరు తెరుచుకుని చూస్తున్నారు. "రేకుల పని చేసే ష్మిల్ ఫైన్‌గోల్డ్ చెల్లెలు. ఆ పిల్ల పేరు ఇక్కడ ఎవరికైనా తెలుసా?"

ఎవరికీ తెలియదు.