మెయిన్ దించాకే కడుగుతా

మా వదినతో వాదనకు దిగి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు. మా అన్నయ్య పెళ్లయిన కొత్తలోనే ఆ ప్రయత్నం మానుకున్నాడు. ఆఫీసులో ఆమెకు ‘మొండిఘటం’ అని పేరు. నేనూ అక్కడే సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేస్తాను కాబట్టి ఆ పేరు పెట్టిందెవరో నాకు తెలుసు. వదినకు మాత్రం చెప్పలేదు. చెబితే మురిసిపోతుంది.

మాది చిన్న కంపెనీ. పాల కేంద్రాల్లో పాలు చల్లబరిచే ట్యాంకులుంటాయి కదా, వాటి పక్కన గోడకు తగిలించే పెట్టెలు చేస్తాం. లోపల అరచేతిలో ఇమిడే లినక్స్ కంప్యూటరు ఉంటుంది. దానికి ప్రోగ్రాం రాసేది వదినే. పాలు ఎంత చల్లగా ఉన్నాయో అది క్షణక్షణం ఫ్లాష్ మెమరీలో రాసుకుంటుంది. ఆ వివరం లేకపోతే డెయిరీ ట్యాంకరు పాలు ఎక్కించుకోదు.

ఒక కేంద్రంలో మా పెట్టె మాటిమాటికీ చచ్చిపోతోంది. తెర మీద కంపెనీ లోగో బొమ్మ వస్తుంది, అక్కడే బిగుసుకుపోతుంది. కొత్తది పెట్టినా అదే తంతు. డెయిరీవాళ్లు మా మేనేజరు మీద విరుచుకుపడ్డారు. ఆయన తడుముకోకుండా తప్పంతా కేంద్రంలో పనిచేసే ఆవిడ మీదికి నెట్టేశాడు. బటన్ నొక్కి, దీపం ఆరేదాకా ఆగి, అప్పుడు కరెంటు తీయాలని మేం పెట్టెతో పాటు ఇచ్చే కాగితంలో ఉంది. ఆవిడ నేరుగా మెయిన్ స్విచ్ దించేస్తోందట. వదిన ఆ ముక్క రిపోర్టులో రాసిస్తే చాలు, ఆవిడను పనిలోంచి తీసేస్తారు, మన మీద మాట పడదు అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వదిన మాత్రం చూసొచ్చి చెబుతానంది.

ఇద్దరం వెళ్లాం. ఆవిడ మనిషి చిన్నది, గొంతు పెద్దది. పాలు పోయించుకోవడం అయిపోగానే రబ్బరు బూట్లు తొడుక్కుని, గుమ్మం బయటున్న మెయిన్ దించి, గొట్టంతో నేలంతా కడగడం మొదలుపెట్టింది. బటన్ ఎందుకు నొక్కలేదని వదిన అడిగింది.

“ఒలికిన పాలల్లో నిలబడి, తడిచేత్తో కరెంటు పెట్టె ముట్టుకోమంటారా? నాకు ముందు ఇక్కడ చేసినావిడ కరెంటు ఉండగానే కడిగింది. షాక్ కొట్టి పోయింది. నేను మెయిన్ దించాకే కడుగుతా. పనిలోంచి తీసేస్తే తీసేసుకోమనండి.”

దారి పొడవునా వదిన ముఖం వెలిగిపోతూనే ఉంది. తనలాంటి మొండిమనిషి దొరికింది మరి.

చచ్చిన పెట్టె మెమరీ విప్పి చూస్తే సెట్టింగుల ఫైలుకు పేరుంది, లోపలేమీ లేదు. భోజనాల దగ్గర వదిన మాకు విడమరిచి చెప్పింది. ఫ్లాష్ మెమరీలో చిన్న ముక్క మార్చాలన్నా దాని చుట్టూ ఉన్నదంతా ఎత్తి మళ్లీ రాయాలట. బీరువాలో ఒక చొక్కా సర్దడానికి అర మొత్తం కింద పోసుకున్నట్టు. సరిగ్గా అప్పుడు కరెంటు పోతే పక్కనున్నవీ గల్లంతే.

మేనేజరు ఒప్పుకోలేదు. కరెంటు తీసి పరీక్షించాకే పెట్టెలు పంపామన్నాడు. పెట్టె ఊరికే కూర్చున్నప్పుడు తీశారు, రాస్తున్నప్పుడు ఎవరూ తీయలేదని వదిన అంది. అంతటితో ఊరుకుందా? ఆయన బల్ల మీదే కొత్త పెట్టె పెట్టి, అది రాసుకుంటుండగా ప్లగ్గు పీకింది. పెట్టింది, పీకింది. ఆయన ఫోన్ మాట్లాడుతుంటే పీకింది, టీ తాగుతుంటే పీకింది. మధ్యాహ్నానికి తెర మీద కంపెనీ బొమ్మ బిగుసుకుపోయింది.

“దీన్ని చంపింది నేను సార్. నన్నూ తీసేస్తారా? ఆవిడ తన ప్రాణం కాపాడుకోవడం తప్పని నేను రాయను. కరెంటు పోతే బతకలేని పెట్టె చేసింది మనం.”

సరే, బాగుచేయమన్నాడు. తన కళ్లముందు ఆ కేంద్రంలో మళ్లీ ఆగిందంటే మాత్రం రిపోర్టు తనే రాస్తానన్నాడు.

వదిన పనిలో పడింది. పెట్టెను లేపే ఫైళ్ల జోలికి ఎవరూ పోకుండా తాళం వేసింది. చల్లదనం రాసుకోవడానికి వేరే చోటు కేటాయించింది. సెట్టింగులు మారితే కొత్త ప్రతి పక్కన రాసి, అది మెమరీకి చేరిందని తేలాకే పాతదాన్ని తీసేసేలా చేసింది. చివరి రీడింగు పోతే పోనీ, పెట్టె మాత్రం లేచి తీరాలంది. ఆ రోజుల్లో ఇంట్లో ఏ ప్లగ్గు చూసినా ఆమె చేతులు దురదపెట్టేవి. అన్నయ్య ఆమె మీద ఒక కన్నేసి ఇస్త్రీ చేసుకునేవాడు.

మేనేజరు మెరిసే బూట్లేసుకుని కేంద్రానికి వచ్చాడు. ఆవిడ మెయిన్ వైపు నడుస్తుంటే, ఈ ఒక్కసారికి బటన్ నొక్కమన్నాడు. ఆవిడ వదిన వైపు చూసింది.

“దించు పిన్నీ,” అంది వదిన.

దించింది. తాపీగా, మూలమూలా కడిగి మళ్లీ ఎత్తింది. తెర మీద కంపెనీ బొమ్మ వచ్చింది. అలాగే ఉండిపోయింది. వదిన చేతులు కట్టుకుని నిలబడింది. బొమ్మ పోయి అంకెలు వచ్చాయి. ట్యాంకరు మనిషి వాటిని చూసి, పాలు ఎక్కించమన్నాడు.

మేనేజరు మొదట్నుంచీ నిలబడ్డ చోటే ఉండిపోయాడు. పాలెక్కించడం అయ్యాక ఆవిడ ఆయన చుట్టూ ఒకసారి చూసి, బయటికెళ్లి మళ్లీ మెయిన్ దించింది. గొట్టం పట్టుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది.

“కాలు తీయండి సార్. అక్కడ కడగలేదు.”