మీటర్ పెట్టకుండా చేసిన ప్రార్థన

అది 2022 వేసవి. రాజమండ్రిలో గోదావరి స్టేషన్‌కు దగ్గర్లో నాకు చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు ఉంది. టీవీలు, ఆంప్లిఫయర్లు, చర్చిల మైకు సెట్లు బాగుచేస్తాను. ఆదివారాలు మా సంఘంలో పిల్లలకు వాక్యం చెబుతాను. ఒకరోజు సత్యనారాయణ గారని ఒక పెద్దాయన భార్య షాపుకొచ్చి, తమ ఆయన తన బొమ్మ రైలుకు కంప్యూటర్ పెట్టించాలంటున్నారని చెప్పారు.

ఆయన గూడ్స్ గార్డుగా రిటైరయ్యారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మేడ మీద గదిలో రెండు మంచాలంత బల్ల, దాని మీద పట్టాలు, స్టేషను, వంతెన. ఇంజిన్ ఒక్కటే, ఇత్తడి ఆవిరి ఇంజిన్ నమూనా. డ్యూటీల మధ్య రైల్వే సిబ్బంది విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూముల్లో కూర్చుని, ఆకురాయితో అరగదీసి, పదకొండేళ్లకు పూర్తి చేశారట. పాత పద్ధతిలో పట్టాలు బ్లాకులుగా విడిపోయి ఉంటాయి. ఒక చేత్తో ఒక్కో బ్లాకు స్విచ్ మారుస్తూ, రెండో చేత్తో వేగం తిప్పాలి. అందుకే రెండేళ్లుగా ఆ రైలు కదల్లేదు.

“ఎడంచేతి వేలితో నొక్కితే కదలాలి బాబూ. అంతకంటే ఏమీ వద్దు,” అన్నారాయన.

“ఫ్యాన్ రెగ్యులేటర్ పాడై ఆర్నెల్లయిందండి, దాన్ని అడిగే దిక్కులేదు. రైలుకి మాత్రం కంప్యూటరంట,” అన్నారు ఆవిడ. ఆయన నవ్వితే నోరు ఒకవైపే కదిలింది.

డిజిటల్ పద్ధతిలో పట్టాలన్నిటికీ ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఇంజిన్‌లో అమర్చే డీకోడర్ అనే చిన్న బోర్డు లాప్‌టాప్ పంపిన ఆజ్ఞను అందుకుని మోటార్‌ను తిప్పుతుంది. మూడు వారాలు పనిచేశాను. పాత స్విచ్‌ల ప్యానెల్ తీసేసి, బ్లాకులన్నీ కలిపేసి, బల్ల కింద లావు వైర్లు లాగి పట్టాలకు సోల్డరింగ్ చేశాను. ఇంజిన్ చివరికి మిగిలింది.

ఇలాంటి పాత ఇంజిన్లలో మోటార్‌కు కరెంటు అందించే బ్రష్ ఒకటి చట్రానికి తగిలి ఉంటుంది. డీకోడర్ పెట్టేముందు దాన్ని విడదీసి, విడిందో లేదో మీటర్‌తో చూడాలి. లేకపోతే పట్టాల కరెంటు నేరుగా ఎక్కి అన్నీ కాలిపోతాయి. నేను ఒక తీగ తెంపి, ఇంక తగలదనుకున్నాను. మీటర్ షాపులో ఉండిపోయింది. పది నిమిషాల దారి. అంతకుముందు ఆదివారమే ఈ పని కోసం సంఘమంతా ప్రార్థించి ఆమెన్ అన్నారు. ఆ ధైర్యంతో ఇంజిన్ మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాను. సత్యనారాయణ గారు కూడా ఎడంచెయ్యి గుండెకు ఆనించుకుని కళ్లు మూసుకున్నారు.

“ఇక నొక్కండి,” అన్నాను.

ఆయన నొక్కారు. ఇంజిన్ గుయ్యిమంది గానీ కదల్లేదు. దాని పొగగొట్టంలోంచి సన్నగా పొగ లేచింది.

“అబ్బో, పొగ కూడా పెట్టారా?” అన్నారు ఆవిడ మురిపెంగా.

నేను ప్లగ్ పీకేలోగా డీకోడర్, మోటార్ రెండూ కాలిపోయాయి. మోటార్‌ను బిగించిన మరమేకు ద్వారా బ్రష్ ఇంకా చట్రానికి తగులుతూనే ఉంది.

ఆ మోటార్ ఇప్పుడు తయారు కావడం లేదు. అంత సన్న తీగ చుట్టలేమని వైండింగ్ వాళ్లు తిప్పి పంపారు. వేరే మోటార్ పట్టాలంటే లోపలి ఇత్తడి కొయ్యాలి. అడిగితే ఆయన ఒప్పుకోలేదు.

“రెండు చేతులూ ఉన్నప్పుడు చేసింది బాబూ. కొయ్యొద్దు.”

డీకోడర్‌తోనే వచ్చే కొత్త ఇంజిన్ ఒకటి తెప్పించి పట్టాల మీద పెట్టాను. మొదటి నొక్కుకే కదిలింది. ఒక చుట్టు తిరిగేదాకా చూసి, ఆయన వేలు తీసేశారు. బాగుందన్నారు. దాన్ని నన్నే ఉంచుకోమన్నారు.

ప్రభువును శోధించకూడదని ఏటేటా పిల్లలకు చెప్పేవాణ్ని నేనే. నేను చెయ్యాల్సిన పని ఆయన మీద పెట్టి, దాన్ని విశ్వాసమనుకున్నాను. ఇప్పుడు ఏ పనికైనా ముందు మీటర్ పెడతాను, తర్వాతే ప్రార్థన. సత్యనారాయణ గారి కాళ్ల దగ్గర కూర్చుని తప్పంతా ఒప్పుకున్నాను. ఆయన క్షమించారు. ప్రభువూ క్షమించాడనే నమ్ముతున్నాను. ఇద్దరి క్షమాపణా దొరికాక కూడా ఆ ఇంజిన్ కదల్లేదు.