మూలన నల్ల వేలిముద్ర

ఉత్తరాలు రాయమని వచ్చేవాళ్ళంటే నాకు మహా విసుగు. సౌదీలో రాస్ తనూరా దగ్గర మా కూలీల క్యాంపులో తెలుగు చక్కగా రాయగలవాణ్ణి నేనొక్కణ్ణే. పొద్దంతా హాజరు పట్టీ రాసి ఇలా నడుం వాల్చానో లేదో, ఎవరో ఒకరు కాగితం పట్టుకుని తయారు. వాళ్ళలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ ఒకతను మరీ జిడ్డు. అక్షరమ్ముక్క రాదు, కబుర్లకు మాత్రం అంతు లేదు. "మేక ఈనిందా అని అడుగన్నా" అని ఒకే ఉత్తరంలో మూడుసార్లు రాయించేవాడు.

గల్ఫ్ యుద్ధం మొదలయ్యాక క్యాంపు చుట్టూ కందకాలు మా చేతే తవ్వించారు. సైరన్ మోగితే అందులోకి దూకాలి. ఇసుకలో మొహం పెట్టుకుని, బతికి బట్టకడితే చాలు దేవుడా అనుకునేవాళ్ళం. ఆ రోజుల్లోనే అతనికి తల్లి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడకు ఇతనొక్కడే. ఎవరిచేతో రాయించింది: "నువ్వు పోయినవని ఊళ్ళె అంటున్నరు కొడుకా. కాయిదం ఎవలైన రాస్తరు. నీ ఏలిముద్ర వెట్టి పంపు, సూస్తెనే నమ్ముత."

మర్నాడు మధ్యాహ్నం కందకంలోనే కూర్చుని జవాబు రాశాం. కువైట్‌లో తగలబడుతున్న చమురు బావుల పొగ గాలికి మా మీదికి తిరిగింది. పట్టపగలే లైట్లు వేశారు. ఏది ముట్టుకున్నా జిడ్డు మసి. "అవ్వా, నేను పాణంతోని ఉన్న. నువ్వు కడుపునిండ తిను" అని తల్లికి రాయమన్నాడు, రాశాను. ఆ తర్వాత మళ్ళీ మేక. కాగితం నిండింది. మడిచి, కవరులో పెట్టి అంటించేశాను.

"అన్నా, ఏలిముద్ర!" అన్నాడు అప్పుడు.

అదే సమయానికి సైరన్ మొదలైంది. "లోపల చోటెక్కడ ఏడ్చిందయ్యా, నీ మేక పుణ్యమా అని! పైన ఆ మూలన పెట్టెయ్" అని కసిరాను. వేలికి పూసుకునే ఇంకు ప్యాడ్ లేదు. పక్కనున్న పార మీది మసిలో బొటనవేలు రుద్ది, కవరు మూలన గట్టిగా నొక్కాడు. నొక్కి, చూసుకుని నవ్వాడు కూడా.

మా వైపైనా వాళ్ళ వైపైనా పసుపు రాసిన మూల పెళ్ళికి, నల్లటి మూల చావుకి. నల్ల మూల ఉత్తరాన్ని గడప దాటనివ్వరు. మా నాన్న పోయినప్పుడు కార్డుల మూలలకు సిరా పూసింది నేనే. అయినా ఆ క్షణాన ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు. ప్రాణభయం అంటారు. నా బుద్ధి గడ్డి తిన్నదంటాను నేను.

నెలన్నరకు జవాబు వచ్చింది. దాని మూల కూడా నల్లగానే ఉంది.

"ఎవలే అన్నా?" అన్నాడు అతను.

అతని చిన్నాన్న కొడుకు రాసినవి నాలుగే ముక్కలు. పోస్టుమాన్ అందించిన కవరు మూల చూసి, తల్లి వాకిట్లోనే కూలబడింది. చదివేవాడొచ్చి విప్పేలోగా ప్రాణం పోయింది. విప్పితే, కొడుకు బతికే ఉన్నాడని ఉంది.

"మీ అవ్వ పోయిందట. జ్వరం" అన్నాను నేను. జ్వరమన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. అతను నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ ఉత్తరం మడిచి అతని చేతికే ఇచ్చాను, ఎలాగూ చదవలేడన్న ధీమాతో. ఛీ, నాదీ ఒక బతుకేనా!

మాకు పూచీ ఉన్న యజమాని, కఫీల్, అతను ఊరెళ్ళి రావడానికి ఎగ్జిట్ కాగితం ఇచ్చేసరికి ఎండాకాలం దాటిపోయింది. అతను ఊళ్ళో ఉన్న రెండు నెలలూ నాకు ముద్ద దిగలేదు. అక్కడ ఎవరో ఒకరు చెప్పకుండా ఉంటారా? తిరిగొచ్చి నా కాలరు పట్టుకుంటాడని ఎదురుచూశాను. నాలుగు తన్నినా బాగుండుననుకున్నాను.

వచ్చాడు. నా మంచం మీద ఒక సీసా పెట్టాడు. "మామిడికాయ తొక్కు. అవ్వ వెట్టింది, నిరుటిది" అన్నాడు. మూడు రోజులు నేను ఆ సీసా మూత తియ్యలేకపోయాను.

నాలుగోనాడు కాగితం తెచ్చి, చిన్నాన్న కొడుక్కి ఉత్తరం రాయమన్నాడు. సగం రాశానో లేదో, చెయ్యి అడ్డం పెట్టాడు.

"అన్నా, గీడ జర జాగ ఇడువు. ఏలిముద్ర ఈపారి లోపట్నె వెడ్త."

తలెత్తి అతని మొహం చూడలేకపోయాను. మిగిలిన సగం కాగితమూ ఖాళీగా వదిలేశాను.